చదునైన తల, బిగిసిన మెడ: ముందు చూడాల్సింది మెడనే

మూడు నెలల బిడ్డ ఫోటోలు ఫోన్‌లో వరసగా చూస్తూ పోతే ఒక్కోసారి ఒక సంగతి బయటపడుతుంది. బారసాల ఫోటోలో, తాతగారి ఒళ్లో ఉన్న ఫోటోలో, నిద్రపోతున్న ఫోటోలో, అన్నిట్లోనూ తల ఒకే భుజం మీదకి ఒరిగి, గడ్డం రెండో వైపుకి తిరిగి ఉంటుంది. ఇంట్లోవాళ్లకి అది బిడ్డ వాటంలాగా, ముద్దుగానే కనిపిస్తుంది. కొన్నాళ్లకి తలంటి పోస్తూ వెనకనుంచి చూసినవాళ్లెవరో తల ఒకవైపు సొట్ట పడిందంటారు. అక్కడినుంచి ఇంటిల్లిపాది దృష్టీ తల మీదే ఉంటుంది. నూనె రాసి ఒత్తుతారు. ఆవాల దిండు తెప్పిస్తారు. జుట్టొస్తే కనబడదులే అని సర్దిచెప్పుకుంటారు. మెడ సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

చాలామంది బిడ్డల్లో ఆ సొట్టకి మూలం మెడలోనే ఉంటుంది. మెడ ఒకవైపే తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి పడుకున్నంతసేపూ తల ఒకేచోట ఒత్తుకుంటుంది. ఒత్తుకున్న చోట ఎముక చదునవుతుంది. చదునైన చోటు మీద తల ఇంకా స్థిరంగా కూర్చుంటుంది కాబట్టి, మొదట ఇబ్బందిగా ఉన్న రెండో వైపు ఇప్పుడు ఇంకా కష్టమవుతుంది. మెడను వదిలేసి తలకి ఎన్ని సేవలు చేసినా ఈ చక్రం ఆగదు. మెడ రెండు వైపులా స్వేచ్ఛగా తిరగడం మొదలైతే మాత్రం తల చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ఎందుకంటే ఆ వయసులో తల పెరిగే వేగం అలాంటిది.

చెవి వెనక ఉండే ఎముక దగ్గర మొదలై, మెడ పక్కగా ఏటవాలుగా దిగి, రొమ్ము ఎముకకీ కాలర్ బోన్‌కీ అతుక్కునే కండరం ఒకటుంది. పెద్దవాళ్లు తల పక్కకి తిప్పినప్పుడు మెడ మీద తాడులా తేలి కనిపించేది అదే. డాక్టర్లు దాన్ని స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అంటారు. అది పుట్టుకతోనే ఒకవైపు కురచగా, బిగుతుగా ఉంటే ఆ స్థితిని టార్టికోలిస్ అంటారు. తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. కుడివైపు కండరం బిగిస్తే తల కుడి భుజం మీదకి ఒరుగుతుంది, ముఖం మాత్రం ఎడమకి తిరుగుతుంది. బిడ్డ ఎప్పుడూ ఎడమకే చూస్తున్నాడు కాబట్టి ఎడమవైపే ఏదో అయిందనుకుంటారు. నిజానికి బిగిసింది కుడివైపు.

కారణాలు ఒకటి కాదు. గర్భంలో చోటు చాలక బిడ్డ ఒకే భంగిమలో వారాల తరబడి ఉండిపోవడం ఒకటి. కాన్పు కష్టమై కండరం నలగడం ఇంకొకటి. ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డల్లో, కవలల్లో, మొదటి కాన్పులో, వాక్యూమ్ లేదా ఫోర్సెప్స్ వాడి తీసినవాళ్లలో ఇది ఎక్కువ. సిజేరియన్ అయింది కాబట్టి ఈ బాధ ఉండదనుకోవడానికి లేదు, గర్భంలో ఇరుకు ఎవరికైనా ఇరుకే. నూరుమంది శిశువుల్లో ఒకరిద్దరికి ఇది ఉంటుందని వైద్య పుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. పుట్టిన మొదటి రోజుల్లో మెడను జాగ్రత్తగా కొలిచి చూసిన పరిశోధనల్లో అంతకంటే చాలా ఎక్కువమందిలో ఎంతోకొంత తేడా కనిపించింది.

కొందరు బిడ్డల్లో పుట్టిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య మెడ పక్కన గట్టిగా, చిన్న రేగుపండంత గడ్డ చేతికి తగులుతుంది. తల్లి గుండె జారిపోయే క్షణం అది. ఈ గడ్డ సాధారణంగా కండరంలోనే ఏర్పడిన పీచులాంటి కణజాలం. క్యాన్సర్ కాదు, చీము గడ్డ కాదు, కోయించాల్సిందీ కాదు. అల్ట్రాసౌండ్‌తో నిర్ధారించుకోవచ్చు. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు వచ్చేసరికి కరిగిపోతుంది. గడ్డ కరిగినా కండరం బిగుతు మిగిలిపోవచ్చు కాబట్టి, గడ్డ పోయిందని వ్యాయామాలు మానేయకూడదు.

ఇక తల. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాది నిండేసరికి 46 దాకా వస్తుంది. ఇందులో ఎక్కువ పెరుగుదల మొదటి ఆరు నెలల్లోనే జరిగిపోతుంది. ఆ నెలల్లో పుర్రె ఎముకలు పల్చగా, ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా ఉంటాయి. లోపల మెదడు పెరుగుతూ ఎముకల్ని బయటికి నెడుతుంది. ఒకచోట పరుపు అడ్డుంటే ఆ పెరుగుదల అక్కడ ఆగి, అడ్డులేని చోటికి పోతుంది. ఎప్పుడూ ఎడమకి తిరిగి పడుకునే బిడ్డకి వెనకతల ఎడమ భాగం చదునవుతుంది. అదే వైపు చెవి కాస్త ముందుకి జరుగుతుంది, అదే వైపు నుదురు కొంచెం ముందుకి వస్తుంది. నడినెత్తి మీదనుంచి చూస్తే తల పక్కకి ఒరిగిన చతురస్రంలా ఉంటుంది. దీన్ని ప్లేజియోసెఫాలీ అంటారు. మెదడు మీద దీనివల్ల ఒత్తిడి పడదు. మెదడు ఉన్నంత చోటునూ వాడుకుంటుంది, ఆకారం మాత్రమే మారుతుంది. ఈ మాట తల్లిదండ్రులకి మొదటి రోజే గట్టిగా చెప్పాలి. భయంతో చేసే పనులే బిడ్డకి ఎక్కువ హాని చేస్తాయి.

చదును తలలు ఈమధ్యే ఎందుకు ఇంతగా వినబడుతున్నాయన్నది న్యాయమైన ప్రశ్నే. 1990ల మొదట్లో న్యూజిలాండ్, బ్రిటన్ లాంటి దేశాల్లో, 1994లో అమెరికాలో, పసిపిల్లల్ని నిద్రకి వెల్లకిలానే పడుకోబెట్టమని పెద్ద ఎత్తున ప్రచారం జరిగింది. అంతకుముందు అక్కడ బోర్లా పడుకోబెట్టడమే అలవాటు. నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య ఆ తర్వాత సగానికి పైగా తగ్గింది. వైద్యం సాధించిన పెద్ద విజయాల్లో ఇది ఒకటి, దీన్ని వెనక్కి తిప్పే ప్రశ్నే లేదు. దాని వెంట వచ్చిన చిన్న ఇబ్బంది, వెనకతల చదును. న్యూజిలాండ్‌లో సుమారు 200 మంది బిడ్డల్ని రెండేళ్లపాటు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు వారాల వయసులో 16 శాతం, నాలుగు నెలలకి దాదాపు 20 శాతం మందిలో తల ఆకారంలో తేడా కనిపించింది. రెండేళ్ల వయసుకి అది 3 శాతానికి దిగింది. కెనడాలోని కాల్గరీలో 7 నుంచి 12 వారాల బిడ్డలు 440 మందిని పరీక్షిస్తే 46.6 శాతం మందిలో ఎంతోకొంత చదును ఉంది, అందులో నాలుగింట మూడొంతులకి పైగా స్వల్పమైనదే.

ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవొచ్చు. చాలామందికి దానంతటదే తగ్గుతుందన్న ధైర్యం ఒకటి. "తగ్గుతుందిలే" అన్న సగటు లెక్కని మెడ బిగిసిన బిడ్డకి కూడా వర్తింపజేస్తే ప్రమాదమన్న హెచ్చరిక రెండోది. ఆ మెడ విడిపోకుండా తల ఎలా సర్దుకుంటుంది? డాక్టరు దగ్గర కూడా "పెరిగేకొద్దీ పోతుంది" అన్న మాట విని తిరిగొచ్చేముందు, మెడ రెండు వైపులా ఎంత తిరుగుతోందో చూశారా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

లాల పోసే చేతులకే ముందు తెలుస్తుంది

తెలుగు ఇళ్లలో పసిబిడ్డ మెడ సంగతి అందరికంటే ముందు తెలిసే అవకాశం ఉన్నది లాల పోసేవాళ్లకి. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్లు బారచాపుకుంటుంది. బిడ్డను ముందు వెల్లకిలా వేసి ఒంటికి నూనె పట్టించి, నలుగు పెట్టి, తర్వాత బోర్లా తిప్పుతుంది. రెండు కాళ్ల మధ్య పల్లంలో పొట్ట, మడమల దగ్గర తల. ముఖం పక్కకి తిప్పి, ముక్కులోకి నీళ్లు పోకుండా ఒక చెయ్యి అడ్డంపెట్టి, చెంబుతో గోరువెచ్చని నీళ్లు వీపు మీద పోస్తుంది. రోజూ ఇదే పని చేసే ఆ చేతికి, ముఖం ఎటు తిప్పితే బిడ్డ ఊరుకుంటాడో, ఎటు తిప్పితే గుక్కపట్టి ఏడుస్తాడో తెలుసు. "వీడికి ఇటు తిప్పితే నచ్చదు" అని ఆవిడ మాటవరసకి అన్నదే అసలైన రోగ నిర్ధారణ. ఆ మాటని ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే నెలలు గడిచిపోతాయి.

ఆ స్నానంలో మంచీ ఉంది, ఆపాల్సిందీ ఉంది. బోర్లా వేయడం మంచిది. మెలకువగా, పెద్దవాళ్ల కళ్లెదుట బోర్లా ఉన్న ఆ కాస్సేపూ వెనకతల మీద బరువు ఉండదు, బిడ్డ తల ఎత్తడానికి ప్రయత్నిస్తాడు, మెడ వెనక కండరాలు బలపడతాయి. ఆపాల్సింది తల ఒత్తడం. గుండ్రంగా రావాలని రెండు అరచేతుల మధ్య తలను ఒత్తడం వల్ల ఆకారం మారదు. రోజులో కొన్ని నిమిషాల ఒత్తిడి, పద్దెనిమిది గంటలు పరుపు మీద ఉండే ఒత్తిడిని ఎదుర్కోలేదు. నడినెత్తిన మెత్తగా ఉండే చోట నొక్కడం అసలు కూడదు. దవడల కింద చేతులు పెట్టి మెడ సాగుతుందని బిడ్డను పైకి లేపడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం ఇంకా ప్రమాదం. అమ్మమ్మల అనుభవాన్ని తోసిపుచ్చాల్సిన పనిలేదు. ఆ చేతులకి ఉన్న నేర్పుని తల మీదనుంచి మెడ మీదకి మళ్లిస్తే చాలు.

ఇంట్లో కనిపించే గుర్తులు ఇంకా ఉన్నాయి. బిడ్డ ఒకవైపు రొమ్ము చక్కగా తాగి, రెండోవైపు పెట్టగానే గింజుకుంటాడు. పాలు చాలడం లేదనో, రుచి తేడా ఉందనో బాలింతని అనేస్తారు. మెడ అటు తిరగకపోవడమే కారణం కావచ్చు. మెడ మడతల్లో ఒకవైపే పాలు, చెమట చేరి ఎర్రగా ఒరుసుకుపోతుంది. వెనకతల మీద ఒకేచోట జుట్టు రాలిపోతుంది. మూడో నెలలో ఒక చేతినే చూసుకుంటాడు, ఒక చేతినే నోట్లో పెట్టుకుంటాడు.

చూసే పద్ధతి కష్టమేం కాదు. బిడ్డ కడుపునిండి, మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, ముఖానికి ఎదురుగా గిలక్కాయో, తల్లి ముఖమో ఉంచి మెల్లగా ఒక పక్కకి జరపాలి. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ గడ్డం భుజం దాటి వెళ్తుంది. పెద్దవాళ్లకంటే పసివాళ్ల మెడ ఎక్కువే తిరుగుతుంది, కొలిస్తే సుమారు 110 డిగ్రీలు. తర్వాత రెండో పక్కకి. ఒకవైపు భుజం దాటి, రెండోవైపు సగంలో ఆగి, ఒళ్లంతా తిప్పేస్తున్నాడంటే అది చూపించాల్సిన మెడ. తేడా ఉందో లేదో తెలిస్తే చాలు, ఇంట్లో కొలతలక్కర్లేదు.

ఇంట్లో చేసే పని

వైద్యం ఎక్కువగా ఇంట్లోనే జరుగుతుంది, నేర్పాల్సింది మాత్రం పిల్లల ఫిజియోథెరపిస్టు. అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2013లో మొదట ప్రచురించి, తర్వాత సవరిస్తూ వచ్చిన మార్గదర్శకాల్లో ముందు వరసలో ఉన్నవన్నీ చేతులతో, ఓపికతో చేసేవే. కండరాన్ని మెల్లగా సాగదీయడం, బిడ్డే తనంతట తాను మెడ తిప్పేలా చేయడం, ఒళ్లంతా రెండు వైపులా సమానంగా కదిలేలా చూడటం, బిడ్డ చుట్టూ ఉన్న ఏర్పాట్లు మార్చడం, ఇంట్లోవాళ్లకి నేర్పించడం.

కుడివైపు కండరం బిగిసిందనుకుందాం. సాగదీయడంలో రెండు కదలికలుంటాయి. ముఖాన్ని మెల్లగా కుడి భుజం వైపుకి తిప్పడం ఒకటి. ఎడమ చెవి ఎడమ భుజానికి దగ్గరయ్యేలా తలను పక్కకి వంచడం రెండోది. ఒకరు భుజాలు కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు తలను రెండు చేతులతో అదిమిపట్టకుండా ఆనించి తిప్పాలి. కండరం కొంచెం అడ్డుకున్న చోట ఆగి, పది నుంచి ముప్పై సెకన్లు అక్కడే ఉంచి వదలాలి. బిడ్డ ప్రతిఘటిస్తుంటే లాగకూడదు. ఊపిరి తేడాగా ఉన్నా, రంగు మారినా వెంటనే ఆపాలి. గుడ్డ మార్చిన ప్రతిసారీ ఒకటి రెండు సార్లు చేస్తే రోజంతా కలిపి చాలినంత అవుతుంది. విడిగా గంట కూర్చుని ఏడిపించి చేయడం కంటే ఇదే మేలు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకి, కాన్పులో కాలర్ బోన్ విరిగిన బిడ్డకి డాక్టరు చూడకుండా మెడ మీద చెయ్యి వేయకూడదు.

సాగదీయడం రోజులో కొన్ని నిమిషాలే. మిగతా గంటలన్నీ బిడ్డ ఎటు చూస్తున్నాడన్నదే అసలు వైద్యం. మన ఇళ్లలో బిడ్డ తల్లి పక్కనే పడుకుంటాడు. తల్లి రోజూ ఒకే పక్కన, గోడకి ఒకే వైపున పడుకుంటుంది. పాల వాసన అటునుంచే, మాట అటునుంచే, రాత్రి చెయ్యి అటునుంచే. బిడ్డ అటు తిరగకుండా ఎటు తిరుగుతాడు? కుడి మెడ బిగిసిన బిడ్డకి తల్లి కుడిపక్కన పడుకోవాలి. మంచం గోడకి ఆనుకుని ఉండి అది కుదరకపోతే బిడ్డ తల ఉన్నచోట కాళ్లు వచ్చేలా పడుకోబెడితే సరిపోతుంది. కిటికీ, తిరిగే ఫ్యాను, వేలాడదీసిన బొమ్మ, వచ్చీపోయేవాళ్ల గుమ్మం, ఇవన్నీ బిడ్డ తిరగాల్సిన వైపున ఉండాలి. బాటిల్‌తో పట్టేవాళ్లు ఆ పక్కనుంచే పట్టాలి. పలకరించడం కూడా ఆ పక్కనుంచే. ఖర్చు లేని ఈ మార్పులు ఇంటికొచ్చిన చుట్టాలతో సహా అందరికీ తెలిస్తేనే పనిచేస్తాయి. తల్లి ఒక్కతే గుర్తుపెట్టుకుని చేయాల్సిన పనిగా మిగిలిపోతే పదో రోజుకి ఆగిపోతుంది.

ఎత్తుకోవడంలో కూడా ఒక పద్ధతుంది. బిగిసిన వైపు కిందికి వచ్చేలా బిడ్డను పక్కకి తిప్పి, వీపు పెద్దవాళ్ల పొట్టకి ఆనేలా పట్టుకోవాలి. ఒక ముంజేయి బిడ్డ కింది చెవికీ భుజానికీ మధ్య వస్తుంది, రెండో చెయ్యి కాళ్ల మధ్యనుంచి పోయి ఒంటిని మోస్తుంది. బిడ్డ ముందుకి లోకాన్ని చూస్తుంటాడు, ముంజేయి ఆ చెవిని భుజంనుంచి దూరంగా ఎత్తి ఉంచుతుంది. ఇల్లంతా తిరుగుతూ, వీధి చూపిస్తూ చేయొచ్చు. ఏడుపు లేకుండా కండరం సాగేది ఇలాగే, నాన్నలూ తాతయ్యలూ ఇష్టంగా చేసేది కూడా ఇదే. మూడు నాలుగు నెలలు దాటి మెడ కాస్త నిలిచాక, బిడ్డను ఎదురుగా పట్టుకుని ఒంటిని బిగిసిన వైపుకి కొంచెం వాలిస్తే, తలను నిటారుగా తెచ్చుకోవడానికి బలహీనంగా ఉన్న రెండో వైపు కండరాలు పనిచేస్తాయి. సాగదీయడం ఎంత ముఖ్యమో ఈ బలం అంత ముఖ్యం.

బోర్లా పడితే బొబ్బట్లు పంచే ఇళ్లలోనే, బిడ్డను బోర్లా వేయడానికి మాత్రం భయపడతారు. ఐదో నెల వచ్చి దానంతటదే తిరగబడేదాకా ఆగుతారు. ఆగక్కర్లేదు. పుట్టిన కొద్దిరోజులనుంచే తల్లి గుండెల మీద, ఒళ్లో అడ్డంగా, చాప మీద, మెలకువగా ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉండగా రెండు మూడు నిమిషాల చొప్పున మొదలుపెట్టాలి. ఏడు వారాలకి రోజు మొత్తం మీద 15 నుంచి 30 నిమిషాలు వచ్చేలా చూడమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అంటోంది. తనంతట తాను కదల్లేని వయసు పిల్లలకి రోజుకి కనీసం 30 నిమిషాలు విడతలుగా బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్రపట్టగానే మళ్లీ వెల్లకిలా తిప్పాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

చీర ఉయ్యాల గురించి ఒక మాట. దాంట్లో గుడ్డ రెండు పక్కలా తలను అదిమి ఉంచుతుంది, బిడ్డ తిరిగి చూద్దామన్నా కనిపించేది గుడ్డే. మెడ బిగిసిన బిడ్డ గంటల తరబడి అందులో ఉండటం మంచిది కాదు. గట్టిగా, చదునుగా ఉన్న పరుపే మేలు. కారు సీటు, బౌన్సర్ అనే ఊగే కుర్చీ లాంటివి కూడా అవసరమైనంతసేపే.

దిండ్లు, హెల్మెట్లు

ఆవాల దిండు, మధ్యలో గుంట ఉన్న దిండు, ఇవి ఆన్‌లైన్‌లో "తల గుండ్రంగా వస్తుంది" అన్న హామీతో అమ్ముతున్నారు. పసిబిడ్డ నిద్రపోయే చోట దిండు ఉండకూడదన్నది భద్రతకి సంబంధించిన మొదటి సూత్రం. ముఖం కూరుకుపోవచ్చు, గడ్డం రొమ్ముకి ఆని ఊపిరి అందకపోవచ్చు, కుట్టు విడిపోతే ఆవాలు నోట్లోకో ముక్కులోకో పోవచ్చు. తల ఆకారం కోసమని అమ్మే దిండ్లు వాడొద్దని అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2022 నవంబరులో తల్లిదండ్రులకి హెచ్చరిక జారీచేసింది. ఇంకో నష్టమూ ఉంది. గుంటలో కూర్చున్న తల అసలు తిరగదు. బిగిసిన మెడకి అదే చెరుపు.

తల ఆకారం సరిచేయడానికి బిడ్డకి పెట్టే హెల్మెట్ సంగతి అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి బాగా తెలుసు. కాన్పుకి వెళ్లిన అమ్మమ్మకి వీడియో కాల్‌లో మిగతా బంధువులకి ఆ హెల్మెట్ గురించి చెప్పడమే పెద్ద పని. రోజుకి 23 గంటల చొప్పున కొన్ని నెలలు పెట్టాలి, వేల డాలర్ల ఖర్చు, ఇన్సూరెన్సుతో పేచీలు. అది పనిచేస్తుందా? నెదర్లాండ్స్‌లో ఐదారు నెలల వయసున్న 84 మంది బిడ్డల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి హెల్మెట్ పెట్టి, రెండో జట్టుని అలాగే వదిలేశారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్ల వయసుకి పూర్తిగా మామూలు ఆకారం వచ్చినవాళ్లు మొదటి జట్టులో 26 శాతం, రెండో జట్టులో 23 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. హెల్మెట్ వ్యతిరేకులు ఈ పరిశోధనని తరచుగా చూపిస్తారు. అయితే ఆ 84 మందిలో మెడ బిగిసిన బిడ్డల్ని చేర్చుకోలేదన్న సంగతి చెప్పడం మర్చిపోతారు. చదును బాగా తీవ్రంగా ఉండి, మెడ వ్యాయామాలూ, పడుకోబెట్టే పద్ధతిలో మార్పులూ చేశాక కూడా తగ్గకపోతే హెల్మెట్‌ని పరిశీలించవచ్చన్నది అమెరికా న్యూరోసర్జన్ల సంఘం 2016లో ఇచ్చిన సలహా. ఆ క్రమం సరైనది. హెల్మెట్ కండరాన్ని సాగదీయదు. మెడ బిగుసుకుని ఉండగానే హెల్మెట్ తీసేస్తే బిడ్డ మళ్లీ ఆ వైపే పడుకుంటాడు.

అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ అనే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. అందులో మొదటి పరీక్ష ఉచితం, డాక్టరు రాసివ్వకుండానే తల్లిదండ్రులు నేరుగా అడగొచ్చు. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల లోపాల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు పెట్టారు. డీఈఐసీ అంటారు. వాటిలో ఫిజియోథెరపీ ఉచితం. వీటి పేరు కూడా చాలామంది తల్లులకి చేరలేదు.

కాలమే మందు, కాలమే శత్రువు కూడా

ఈ విషయంలో ఆలస్యం ఖరీదు ఎంతో అంకెల్లోనే తెలుసు. నెల నిండకముందే వ్యాయామాలు మొదలుపెట్టిన బిడ్డల్లో 98 శాతం మందికి ఒకటిన్నర నెలల్లో మెడ దాదాపు మామూలుగా తిరుగుతుంది. నెల దాటాక మొదలుపెడితే ఆరు నెలల దాకా పట్టొచ్చు. ఆరు నెలలు దాటాక మొదలుపెడితే తొమ్మిది, పది నెలలు పడుతుంది, అప్పటికీ పూర్తిగా నయమయ్యేవాళ్లు తగ్గిపోతారు. కారణం తేలికే. రెండు వారాల బిడ్డ చెప్పినట్టు వంగుతాడు, ఆరు నెలల బిడ్డ చేతులు తోసేస్తాడు, బోర్లా తిరిగి పారిపోతాడు. ఏడాది దాకా శ్రద్ధగా చేసినా మెడ తిరగని కొద్దిమందికి కండరాన్ని పొడిగించే ఆపరేషన్ అవసరమవుతుంది.

ఆ మొదటి నెల మన దగ్గర ఎలా గడుస్తుందో ఆలోచించాలి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి వచ్చి బిడ్డను చూడాలన్నది ప్రభుత్వ నియమం. బరువు, బొడ్డు, పాలు, జ్వరం అడుగుతారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి టీకాలకి వెళ్తారు. బిడ్డ మెడను అటూ ఇటూ ఒకసారి తిప్పి చూడటానికి అక్కడ అర నిమిషం చాలు, ఏ పరికరమూ అక్కర్లేదు. ఆశా, ఏఎన్ఎం శిక్షణలో ఈ అర నిమిషం చేర్చితే ఎంతోమంది బిడ్డలకి నెలల వైద్యం తప్పుతుంది. ఖర్చు లెక్కల్లో చూసినా ఇంత చౌకైన పని ఇంకొకటి కనబడదు.

ప్రతి వాలిన మెడా కండరం బిగువే కాదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మెడ ఎముకలు పుట్టుకతోనే తేడాగా ఉండొచ్చు. కంటి కండరాల్లో లోపం ఉంటే రెండుగా కనబడకుండా బిడ్డ తల వాల్చుకుంటాడు. పాలు తాగాక ఛాతీలోకి ఆమ్లం ఎగదన్నే బిడ్డలు మెడ వంచుకుని విరుచుకుంటారు. ఆరు నెలలదాకా బాగానే ఉండి హఠాత్తుగా మెడ వాలినా, వాలే వైపు మారుతున్నా, వాంతులు, జ్వరం, మగత, నడకలో తూలడం తోడైనా వ్యాయామాలు కాదు, వెంటనే పిల్లల డాక్టరు కావాలి. తల విషయంలో కూడా అంతే. పుర్రె అతుకులు ముందే మూసుకుపోయే జబ్బు రెండు వేల నుంచి రెండున్నర వేల జననాల్లో ఒకరికి వస్తుంది. అందులో వెనకతల అతుకు మూసుకుపోవడం మరీ అరుదు. అలా జరిగినప్పుడు చదునైన వైపు చెవి ముందుకి కాక వెనక్కి, కిందికి జరుగుతుంది. అతుకు పొడవునా గట్టు చేతికి తగులుతుంది. పుట్టినప్పటినుంచే ఆకారం తేడాగా ఉండి రోజురోజుకీ పెరుగుతుంటే ఆలస్యం చేయకూడదు. మెడ బిగిసిన బిడ్డకి తుంటి కీలు కూడా చూడాలి. ఈ రెండూ కలిసి వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ, తుంటి సంగతి చాలాసార్లు నడక వచ్చేదాకా బయటికి కనబడదు.

తల చదును ఎక్కువగా ఉన్న పిల్లల్లో కొందరికి బోర్లా పడటం, కూర్చోవడం లాంటివి కాస్త ఆలస్యమవుతాయని పరిశోధనలు గమనించాయి. చదునే దానికి కారణమని తేలలేదు. తక్కువగా కదిలే బిడ్డకే తల చదునయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, వరస తిరగబడి ఉండొచ్చు కూడా. ఏమైనా అలాంటి బిడ్డ ఎదుగుదలని టీకా కార్డులోని బరువుతో మాత్రమే కొలవకుండా, రెండు చేతులూ వాడుతున్నాడా, రెండు వైపులకీ దొర్లుతున్నాడా అని చూస్తూ ఉండాలి.

మెడ పూర్తిగా తిరుగుతోందని ఫిజియోథెరపిస్టు వ్యాయామాలు ఆపించాక కూడా మూడు నెలల నుంచి ఏడాది లోపు ఒకసారి మళ్లీ చూపించాలని మార్గదర్శకాలు చెబుతాయి. బిడ్డ ఒక్కసారిగా పొడుగైనప్పుడు, పళ్లొచ్చే రోజుల్లో, జలుబు చేసి నలతగా ఉన్నప్పుడు, నడక నేర్చుకునే వారాల్లో పాత ఒరుగు తిరిగి కనిపించవచ్చు. చాలాసార్లు కొద్దిరోజుల్లో పోతుంది. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే మొదట్లో నేర్చుకున్న సాగదీతలు మళ్లీ మొదలుపెట్టి, ఫిజియోథెరపిస్టుకి చూపించాలి. మెడ రెండు వైపులా చక్కగా తిరుగుతూ తల మాత్రం ఒరుగుతూనే ఉంటే, ఈసారి వెళ్లాల్సింది కంటి డాక్టరు దగ్గరికి.